హీల్స్ నిబంధన తొలగించండి, కూర్చునే హక్కు కల్పించండి

వినతిపత్రం

గౌరవనీయులైన
జిల్లా కలెక్టర్ గారు, సూర్యాపేట
జిల్లా కలెక్టర్ గారు, నల్గొండ
కార్మిక శాఖ అధికారులు, సూర్యాపేట, నల్గొండ జిల్లాలు
వారి సమక్షానికి

సమర్పించుకునేవారు: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లోని బట్టల షోరూములు, నగల దుకాణాలు, సూపర్ మార్కెట్లు, ప్రైవేటు ఆసుపత్రుల రిసెప్షన్లు, ఫంక్షన్ హాళ్లలో నిలబడి పనిచేసే మహిళా ఉద్యోగులం.

విషయం: ఉద్యోగంలో హైహీల్స్ తప్పనిసరి చేసే నిబంధన తొలగింపు, నిలబడి పనిచేసేవారికి కుర్చీ, విరామం, కాళ్లకు వైద్య పరీక్షలు కల్పించడం గురించి.

అయ్యా, అమ్మా,

పై విషయమై మేము సవినయంగా విన్నవించుకునేది ఏమనగా:

చివ్వెంల, పెన్‌పహాడ్ నుంచి సూర్యాపేటకు, మునగాల, నడిగూడెం, చిలుకూరు నుంచి కోదాడకు, వేములపల్లి, దామరచర్ల నుంచి మిర్యాలగూడకు పొద్దున్నే బస్సెక్కి పనికి వచ్చే ఆడవాళ్లం మేము. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం మొదలయ్యాక బస్సు చార్జీల భారం తప్పి, మాలో చాలామందికి ఊరు దాటి పనికి రావడం తేలికైంది. ఈ ఉద్యోగాలు మాకు కావాలి. పిల్లల ఫీజులు, చిట్టీలు, ఇంటి అద్దెలు ఈ జీతాల మీదే నడుస్తున్నాయి. అందుకే ఉద్యోగం మానేసి కాకుండా, ఉద్యోగంలో ఉండే ఈ మాట చెప్పుకోవాలని వచ్చాం.

షట్టరు లేచింది మొదలు దించేదాకా మేము నిలబడే ఉంటాం. మామూలు రోజుల్లో రాత్రి తొమ్మిది వరకు, శ్రావణమాసం, బతుకమ్మ, దసరా, ధనత్రయోదశి, పెళ్లి ముహూర్తాల సీజన్లలో ఇంకా పొద్దుపోయేదాకా గ్రానైట్, టైల్స్ నేల మీద నిలబడతాం. దీనికితోడు కొన్ని షోరూముల్లో యూనిఫాం చీర, జడ, బొట్టుతోపాటు హీల్స్ కూడా తప్పనిసరి చేశారు. ఫ్లాట్ చెప్పులతో వస్తే ఆ రోజు కౌంటర్ దగ్గరికి రానివ్వరు. కొన్నిచోట్ల జీతంలో కోత పెడతారు. కౌంటర్ వెనక స్టూలు ఉండదు. ఉన్నా దాని మీద కూర్చుంటే ఫ్లోర్ ఇన్‌ఛార్జి పిలిచి అడుగుతాడు.

మా కోరిక ఒక్కటే. కాలికి ఏం వేసుకోవాలో, ఒంట్లో శక్తి అయిపోయినప్పుడు కూర్చోవాలో వద్దో నిర్ణయించే హక్కు ఆ కాలు ఎవరిదో వారికే ఉండాలి. హైహీల్స్ మీద మాకు ద్వేషం లేదు. పెళ్లికో, పండక్కో ఇష్టపడి వేసుకునేవాళ్లు మాలోనూ ఉన్నారు. ఇష్టంతో రెండు గంటలు వేసుకోవడం వేరు, జీతం కోసం పది గంటలు వేసుకోవడం వేరు.

మా కాళ్ల పరిస్థితి

మాలో ఒకామె నగల దుకాణంలో పనిచేస్తుంది. ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. షాపువాళ్లు అందరికీ ఒకేసారి తెప్పించిన నల్ల హీల్స్‌లో ఆమె సైజు లేదు. ఒక సైజు చిన్నదే ఇచ్చి, వాడగా వాడగా సాగుతుందిలే అన్నారు. ఇప్పుడు ఆమె కుడికాలి బొటనవేలు రెండో వేలి మీదికి ఒరిగిపోయింది. వేలి మొదట్లో ఎముక పొడుచుకొచ్చి ఎర్రగా కందిపోయి ఉంటుంది. అరికాలిలో వేళ్ల కింద రూపాయి బిళ్లంత ఆనె కట్టింది. చిటికెన వేలి గోరు నల్లబడింది. మడమ వెనక తోలు లేచిపోయిన చోట రోజూ కొత్త బ్యాండేజీ వేసుకుని వస్తుంది. హారం చూపించేటప్పుడు కస్టమర్ ముందు ఆమె ముఖంలో నవ్వు చెదరకూడదు. ఒక కాలి మీది భారం ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ ఆ పది గంటలూ గడుపుతుంది.

మధ్యాహ్నం టిఫిన్ బాక్స్ తెరవడానికి మేము గోదాములోకి వెళ్తాం. అట్టపెట్టెల మీద కూర్చుని, చెప్పులు విప్పి, గోడకు కాళ్లు ఎత్తిపెట్టుకుంటాం. ఆ కాసేపటికే పాదాల్లో సూదులు గుచ్చినట్టు అవుతుంది. తిరిగి హీల్స్ వేసుకోబోతే కాలు ఉబ్బి అందులో దూరదు. రాత్రి ఇంటికి వెళ్లి ఉత్తికాళ్లతో నడిస్తే పిక్కలు పట్టేస్తాయి. 'కాళ్లు గుంజుతున్నయ్' అనని రాత్రి మా ఇళ్లలో లేదు. కింద కూర్చుని అన్నం తినడానికి, పిల్లాడికి స్నానం పోయడానికి మోకాలు సహకరించని వాళ్లు మాలో ఉన్నారు. సద్దుల బతుకమ్మ నాటి రాత్రి వలయంలో రెండు చుట్లు తిరిగి పక్కకు వచ్చి కూర్చున్న ఆడపిల్లలు ఉన్నారు.

ఎముకల నొప్పి, కీళ్ల నొప్పి అంటే ఏమిటో ఉమ్మడి నల్గొండ జిల్లాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన నడుములను, బిగుసుకుపోయిన మోకాళ్లను చూస్తూ పెరిగిన ప్రాంతం ఇది. ఆ బాధ నీళ్లలోంచి వచ్చింది, దాన్ని వదిలించుకోవడానికి దశాబ్దాలు పట్టింది. మేము చెబుతున్న బాధ ఒక నిబంధనలోంచి వస్తోంది. ఒక్క ఉత్తర్వుతో ఆగిపోతుంది.

వైద్యశాస్త్రం ఏం చెబుతోంది

మనిషి పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉంటాయి. ఉత్తికాళ్లతో నిలబడినప్పుడు శరీర బరువులో ఎక్కువ భాగాన్ని మడమ మోస్తుంది, మిగతాది వేళ్ల మొదళ్ల మీద పడుతుంది. మడమను ఎత్తితే ఈ లెక్క తారుమారవుతుంది. పాదం ముందుకు జారి, బరువు ఎక్కువగా వేళ్ల మొదళ్ల మీదికి వస్తుంది. మడమ ఎత్తు ఒక అంగుళం అయితే మునిపాదం మీద ఒత్తిడి సుమారు 22 శాతం, రెండు అంగుళాలైతే 57 శాతం, మూడు అంగుళాలైతే 76 శాతం పెరుగుతుందన్నది పాదాల వైద్యులు తరచూ చెప్పే లెక్క. ముక్కు సన్నగా ఉన్న జోడైతే ఆ ఒత్తిడిలోనే వేళ్లన్నీ ఒకదాని మీద ఒకటి నలుగుతాయి. ఆనెలు, గోళ్లు లోపలికి పెరగడం, బొటనవేలు వంకరపోయే బునియన్, మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య నరం ఉబ్బి మంట పుట్టించే మోర్టన్ న్యూరోమా ఇలాగే వస్తాయి, లేదా ఉన్నవి ముదురుతాయి. బునియన్‌కు వంశపారంపర్యం కూడా ఒక కారణమని మాకు తెలుసు. వంశంలోంచి వచ్చిన ఆ లక్షణాన్ని ఇరుకు జోడు ముదిరేలా చేస్తుంది.

పిక్కల సంగతి ఇంకా ముఖ్యం. మడమ ఎత్తులో ఉన్నంతసేపూ పిక్క కండరం కుంచించుకునే ఉంటుంది. 2010లో జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ బయాలజీలో వచ్చిన అధ్యయనంలో, రెండేళ్లకు పైగా 5 సెంటీమీటర్లు, అంతకు మించిన హీల్స్ తరచుగా వేసుకున్న మహిళల పిక్క కండరపు తంతువులు మిగతావారి కంటే సుమారు 13 శాతం పొట్టిగా ఉన్నాయని తేలింది. పిక్కను మడమ ఎముకకు కలిపే అకిలిస్ టెండన్ మందంగా, బిరుసుగా మారింది. ఇంటికి వెళ్లి చెప్పులు విప్పాక కూడా మా నొప్పి ఎందుకు తగ్గదో ఇక్కడే తెలుస్తోంది. ఎత్తుకు అలవాటుపడి పొట్టిబడ్డ కండరం నేల మీద కాలు పెట్టగానే సాగలేక పట్టేస్తుంది.

పిక్క కండరం ఇంకో పని కూడా చేస్తుంది. కాళ్లలోకి దిగిన రక్తాన్ని పైకి తోసే పంపు అదే. నడిచినప్పుడు అది బాగా పనిచేస్తుంది, కదలకుండా నిలబడితే మందగిస్తుంది, హీల్స్‌లో ఇంకా మందగిస్తుంది. 2012లో జర్నల్ ఆఫ్ వాస్క్యులర్ సర్జరీలో వచ్చిన అధ్యయనం, హైహీల్స్ వేసుకున్నప్పుడు కాళ్లలో రక్తం ఎక్కువగా నిలిచిపోతోందని చూపింది. సాయంత్రానికి చీలమండలు ఉబ్బడం, పిక్కల మీద నీలి సిరలు మెలికలు తిరిగి తేలడం మాలో చాలామందికి తెలిసిన సంగతులే. ఎక్కువ గంటలు నిలబడే వృత్తుల్లో ఉన్నవారికి వేరికోస్ వెయిన్స్ బెడద ఎక్కువని డాక్టర్లు మొదటి నుంచీ చెబుతున్నారు.

మోకాళ్ల విషయంలో 1998లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 20 మంది ఆరోగ్యవంతులైన మహిళలను హీల్స్‌తోనూ, ఉత్తికాళ్లతోనూ నడిపించి కొలిస్తే, హీల్స్‌లో మోకాలి లోపలి వైపు కీలు మీద పడే భారం సగటున 23 శాతం పెరిగింది. 2001లో అదే పత్రికలో వచ్చిన మరో అధ్యయనంలో వెడల్పు మడమల జోళ్లతోనూ భారం దాదాపు అంతే పెరిగినట్టు తేలింది. 'పెన్సిల్ హీల్స్ వద్దంటున్నారుగా, బ్లాక్ హీల్స్ వేసుకోండి' అనే మేనేజర్లకు ఇదే మా జవాబు. లావు మడమ వేస్తే కాలు మడతపడే ప్రమాదం తగ్గుతుందేమో గానీ మోకాలి మీద భారం తగ్గదు. హీల్స్ వల్లనే మోకాళ్లు అరిగిపోతాయని ఒక్కమాటలో తేల్చి చెప్పడం మా ఉద్దేశం కాదు. భారం పెరుగుతోందన్నది కొలిచి చూపిన నిజం. ఆ భారాన్ని రోజుకు పది గంటలు, ఏళ్లతరబడి మా మోకాళ్లు మోస్తున్నాయి.

గర్భిణులకు ప్రమాదం ఇంకా ఎక్కువ. నెలలు నిండేకొద్దీ శరీరపు బరువు ముందుకు వాలుతుంది, కీళ్లను పట్టి ఉంచే బంధాలు వదులవుతాయి. తుడిచిన తడి టైల్స్ మీద హీల్స్‌తో గర్భిణి జారిపడితే ఎవరు బాధ్యత తీసుకుంటారు? షుగరు ఉన్నవారిలో చాలామందికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. చెప్పు ఒరుసుకుని పుండు పడినా తెలియదు. చిన్న పుండే వేలు తీసేసే దాకా తీసుకెళ్తుందని ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలోని డాక్టరూ చెబుతారు.

చరిత్రకారులు చెప్పేదాని ప్రకారం, ఎత్తు మడమ జోళ్లు మొదట పర్షియా గుర్రపు రౌతులవి. రికాబులో కాలు జారకుండా ఉండటానికి వాటికి మడమ పెట్టారు. గుర్రం మీద కూర్చున్నవాడి కాలి కోసం పుట్టిన జోడు అది. గ్రానైట్ నేల మీద పొద్దంతా నిలబడే ఆడమనిషి కోసం పుట్టింది కాదు.

చట్టం ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్, నిలబడి పనిచేయాల్సిన కార్మికులందరికీ కూర్చునే ఏర్పాట్లు ఉండాలని చెప్పింది. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో అది ఎంతవరకు అమలైందన్నది వేరే ప్రశ్న. కనీసం కాగితం మీద ఆ హక్కు మిల్లు కార్మికురాలికి వచ్చింది. అదే మిర్యాలగూడలో షోరూములో నిలబడే ఆమెకు ఆ హక్కును విడిగా, స్పష్టంగా రాసిపెట్టిన మాట మన రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టంలో లేదు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్న పరిమితి, మధ్యలో విరామం, వారానికో సెలవు ఆ చట్టంలో ఉన్నాయి. పని గంటల్లో ఎంతసేపు నిలబడాలి, కాలికి ఏం వేసుకోవాలి అన్నవి లేవు.

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం, ఎక్కువ గంటలు నిలబడే పని గర్భిణికి హానికరమని గుర్తించింది. ఆమె కోరితే ప్రసవానికి ముందటి చివరి వారాల్లో అలాంటి పని చెప్పకూడదని అన్నది. చివరి వారాల్లో హాని చేసే పని నాలుగో నెలలో, ఐదో నెలలో మేలు చేయదు కదా!

2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 24వ సెక్షన్‌లో సంస్థలు కల్పించాల్సిన సంక్షేమ సౌకర్యాల జాబితా ఉంది. నిలబడి పనిచేయాల్సిన ఉద్యోగులకు కూర్చునే ఏర్పాటు అందులో ఒకటి. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. కాబట్టి మేము అడుగుతున్నది కొత్త వరం కాదు. చట్టం ఒప్పుకున్న మాట మా కౌంటర్ దాకా రావాలంటున్నాం. పదిమంది కంటే తక్కువ పనిచేసే చిన్న షాపుల్లోని వారికీ అది అందాలంటున్నాం.

ఇది ఎక్కడా జరగనిది కాదు

కేరళలో కోజికోడ్ మిఠాయి వీధి దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు పి. విజి నాయకత్వంలో ఏళ్ల తరబడి కొట్లాడారు. కూర్చోవడం, మూత్రానికి వెళ్లడం కూడా హక్కులేనని వాళ్లు చెబితే మొదట నవ్వినవాళ్లున్నారు. 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కును అందులో చేర్చింది. 2021 సెప్టెంబరులో తమిళనాడు అసెంబ్లీ కూడా అదే దారిలో తన దుకాణాల చట్టంలో 22-ఎ సెక్షన్ చేర్చింది. ఈ రెండు రాష్ట్రాల్లో చీరల వ్యాపారం, బంగారం వ్యాపారం ఆగిపోలేదు. అక్కడి షోరూములు మన తెలంగాణలోనూ శాఖలు తెరుస్తున్నాయి. అక్కడ కూర్చోబెట్టగలిగిన యాజమాన్యాలు ఇక్కడ ఎందుకు కూర్చోబెట్టలేవు?

హీల్స్ గురించే నేరుగా నిబంధనలు చేసిన దేశాలూ ఉన్నాయి. ఫిలిప్పీన్స్ కార్మిక శాఖ 2017లో 178వ నంబరు ఉత్తర్వు ఇచ్చింది. మాలాంటి సేల్స్ ఉద్యోగినుల గోడు విని ఇచ్చిన ఉత్తర్వు అది. ఉద్యోగినులను హైహీల్స్ వేసుకోమని బలవంతం చేయకూడదని, జోడు మడమ ఒక అంగుళానికి మించకుండా సౌకర్యంగా ఉండాలని, కూర్చునే వీలు, విరామం కల్పించాలని అందులో చెప్పారు. అదే ఏడాది కెనడాలో బ్రిటిష్ కొలంబియా, ఒంటారియో రాష్ట్రాలు హీల్స్‌ను తప్పనిసరి చేయడాన్ని నిషేధించాయి. లండన్‌లో ఫ్లాట్ చెప్పులతో వచ్చిందని 2015లో ఇంటికి పంపేసిన నికోలా థార్ప్ పెట్టిన అర్జీ మీద లక్షన్నర మందికి పైగా సంతకాలు చేశారు. బ్రిటిష్ పార్లమెంటు 2017లో దాన్ని చర్చించింది. జపాన్‌లో యుమి ఇషికావా 2019లో ఇదే విషయమై ప్రభుత్వానికి అర్జీ ఇచ్చారు. మరుసటి ఏడాది జపాన్ ఎయిర్‌లైన్స్ తన ఉద్యోగినులకు హీల్స్ నిబంధన ఎత్తేసింది. ఆకాశంలో ఎగిరే విమానంలోనే అవసరం లేనిది సూర్యాపేట చీరల కౌంటర్‌లో ఎందుకు అవసరమో మాకు అర్థం కావడం లేదు.

యజమానులు చెప్పే మాటలకు మా జవాబు

షోరూముకు అందం కావాలి, కస్టమర్లు అదే కోరుకుంటారు అంటున్నారు. కస్టమర్ చీర అంచు చూస్తారు, ధర చూస్తారు, మేము ఎంత ఓపిగ్గా మడత విప్పి చూపిస్తున్నామో చూస్తారు. కౌంటర్ వెనక మా కాలికి ఏ చెప్పు ఉందో చూడరు. నొప్పితో పళ్లు బిగబట్టి నిలబడినామె కంటే నిమ్మళంగా ఉన్నామె పది చీరలు ఎక్కువ చూపించగలదు.

కూర్చుంటే సోమరితనం అలవాటవుతుంది అంటున్నారు. గల్లాపెట్టె దగ్గర యజమాని కూర్చునే లెక్క చూస్తారు. బిల్లింగ్ దగ్గర క్యాషియర్ కూర్చునే బిల్లు కొడతారు. కస్టమర్లు కూర్చునే చూస్తారు. ఆ షోరూములో కూర్చోకూడనిది మేము మాత్రమే. కస్టమర్ వచ్చినప్పుడు లేచి నిలబడమని మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎవరూ లేని మధ్యాహ్నం రెండు గంటలప్పుడు కూడా గోడకు ఆనకుండా నిలబడమనడమే అన్యాయం.

స్టూళ్లకు చోటు లేదు, ఖర్చవుతుంది అంటున్నారు. ఒక స్టూలు ధర ఒక మామూలు చీర ధరకు మించదు. కౌంటర్ కిందికి తోసేస్తే అడుగు చోటు కూడా పట్టదు.

ఇది నిజాం కాలంలో దొరల గడీల ముందు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన జనం ఉన్న నేల. కాలికి చెప్పు వేసుకోవాలా వద్దా అన్నది ఇంకొకరు నిర్ణయించిన ఆ రోజుల మీద తిరగబడిన జిల్లా ఇది. ఆ పోరాటంలో నిలిచిన మల్లు స్వరాజ్యం పుట్టిన జిల్లా ఇది. కాలి మీద అధికారం కాలు ఉన్నవారిదేనని ఇక్కడి పెద్దలు పోరాడి చెప్పారు. ఆ పెద్దల మనవరాళ్లం మేము. వాళ్లు చెప్పినదే ఈ రోజు కాగితం మీద రాసి తమకు ఇస్తున్నాం.

మా డిమాండ్లు

1. సూర్యాపేట, నల్గొండ జిల్లాల్లోని ఏ దుకాణంలోనూ, షోరూములోనూ, ఆసుపత్రిలోనూ, ఫంక్షన్ హాల్లోనూ హైహీల్స్ తప్పనిసరి చేయకూడదని కార్మిక శాఖ ద్వారా లిఖితపూర్వకంగా సర్క్యులర్ ఇప్పించాలి. ఫ్లాట్ చెప్పులు వేసుకున్నందుకు జరిమానా, జీతం కోత, హాజరు నిరాకరణ, ఉద్యోగం నుంచి తొలగింపు ఉండకూడదు.

2. యూనిఫాంలో భాగంగా యాజమాన్యమే జోడు ఇస్తే దాని మడమ ఒక అంగుళానికి మించకూడదు. ముక్కు వెడల్పుగా, అడుగు జారకుండా ఉండాలి. ఎవరి సైజు వారికి ఇవ్వాలి. దాని ఖర్చు జీతంలోంచి పట్టుకోకూడదు.

3. ప్రతి కౌంటర్ దగ్గర పనిచేసేవారికి సరిపడా స్టూళ్లు ఉండాలి. కస్టమర్లు లేనప్పుడు కూర్చునే హక్కు ఉండాలి. సీసీ కెమెరాలో కూర్చున్నట్టు కనబడిందని శిక్షించకూడదు.

4. చట్టం చెప్పిన పని గంటలు, భోజన విరామం పండగ సీజన్‌లోనూ అమలు కావాలి. దీనికి అదనంగా ప్రతి రెండు గంటలకోసారి కాసేపు కూర్చుని కాళ్లు చాపుకునే వీలు కల్పించాలి. భోజనానికి గోదాము అట్టపెట్టెలు కాకుండా, ఫ్యాను, కుర్చీలు ఉన్న గది చూపించాలి.

5. గర్భిణులకు, బాలింతలకు, కాలికి దెబ్బ తగిలినవారికి, డాక్టరు చీటీ ఉన్నవారికి వారు కోరిన రోజు నుంచే కూర్చుని చేసే పని ఇవ్వాలి. దాని పేరు చెప్పి జీతం తగ్గించకూడదు.

6. కేరళ, తమిళనాడు తరహాలో మన రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టంలో కూర్చునే హక్కును, చెప్పుల విషయంలో బలవంతం కూడదన్న నిబంధనను చేర్చాలని కోరుతూ ఇద్దరు కలెక్టర్లు రాష్ట్ర ప్రభుత్వానికి ప్రతిపాదన పంపాలి.

7. సీజన్ మొదలవకముందే, అంటే శ్రావణమాసానికి, దసరాకు ముందే కార్మిక శాఖ అధికారులు మూడు పట్టణాల్లో తనిఖీలు చేయాలి. పని గంటలు, విరామం, కూర్చునే హక్కు, ఫిర్యాదు చేయాల్సిన నంబరు తెలుగులో రాసిన బోర్డు ప్రతి షోరూములో ఉద్యోగులకు కనబడే చోట పెట్టించాలి.

8. సూర్యాపేట ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలోను, కోదాడ, మిర్యాలగూడ ప్రభుత్వ ఆసుపత్రుల్లోను నెలకొకసారి సాయంత్రం పూట, మేము డ్యూటీ దిగి రాగలిగే సమయంలో, కాళ్ల పరీక్ష శిబిరం పెట్టించాలి. ఎముకల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, షుగరు పరీక్ష, సిరల పరీక్ష అందుబాటులో ఉండాలి.

9. పదిమంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి దుకాణంలో అర్హత ఉన్న వారందరికీ ఈఎస్ఐ నమోదు జరిగిందో లేదో సరిచూడాలి.

10. పెళ్లిళ్లు, ఫంక్షన్లలో స్వాగతం పలకడానికి ఈవెంట్ కాంట్రాక్టర్లు తీసుకువచ్చే అమ్మాయిలకు కూడా ఈ నిబంధనలన్నీ వర్తింపజేయాలి. వారిలో చాలామంది కాలేజీ పిల్లలు. బాధ్యత కాంట్రాక్టరుతోపాటు ఫంక్షన్ హాల్ యజమానిది కూడా కావాలి.

11. ప్రైవేటు స్కూళ్లు, జూనియర్ కాలేజీలు ఉపాధ్యాయినులకు గానీ, వార్షికోత్సవాల పేరుతో విద్యార్థినులకు గానీ హీల్స్ తప్పనిసరి చేయకుండా విద్యాశాఖ ద్వారా ఆదేశించాలి. ఎదిగే వయసులో పాదం ఎముకలు ఇంకా గట్టిపడుతూనే ఉంటాయి.

12. ఈ వినతిపత్రం అందిన 30 రోజుల్లోపు రెండు జిల్లాల అధికారులు, వ్యాపార సంఘాల ప్రతినిధులు, మా ప్రతినిధులు కలిసి కూర్చునే సమావేశం ఏర్పాటు చేయాలి. ఇందులో సంతకం చేసిన ఎవరి మీదా కక్ష సాధింపు ఉండకుండా రక్షణ కల్పించాలి.

పై డిమాండ్లలో మొదటి మూడు ప్రభుత్వ బడ్జెట్టును అడగవు. కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఒక సర్క్యులర్, ఒక తనిఖీ, కౌంటర్‌కు రెండు స్టూళ్లు చాలు. మంచి యజమానులు తమంతట తామే ముందుకు వస్తే, వారి పేరు మేమే నలుగురికీ చెబుతాం. తమ దుకాణంలో పనిచేసేవాళ్లను కూర్చోబెట్టిన షోరూముకు మా ఇళ్లవాళ్లను, మా ఊళ్లవాళ్లను మేమే తీసుకొస్తాం.

ఈ పట్టణాల ప్రజలకూ ఒక మాట. పండక్కి చీర కొనడానికి వచ్చినప్పుడు, మీకు చీర చూపించే అమ్మాయి కూర్చుని ఉంటే తప్పు పట్టకండి. 'కూర్చోమ్మా, ఫర్వాలేదు' అని మీరే అనండి. కస్టమర్లు అడుగుతున్నారని యజమానులు అంటున్నారు కాబట్టి, కస్టమర్లు ఏం అడుగుతున్నారో మీ నోటితోనే చెప్పండి.

కావున తాము దయతో మా విన్నపాన్ని పరిశీలించి, రాబోయే పండగ సీజన్ కంటే ముందే తగు ఉత్తర్వులు ఇప్పించి, మూడు పట్టణాల్లో నిలబడి పనిచేసే ఆడవాళ్ల కాళ్లను కాపాడవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు
తమ విధేయులు,
సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల షోరూములు, దుకాణాలు, ఫంక్షన్ హాళ్లలో పనిచేసే మహిళా ఉద్యోగులు
(సంతకాలు జతచేయడమైనది)

ప్రతులు: రాష్ట్ర కార్మిక శాఖ కమిషనర్ గారికి, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ శాసనసభ్యులకు, మూడు పట్టణాల మున్సిపల్ కమిషనర్లకు, వ్యాపార సంఘాలకు.